చైనా నుంచి 80 డీప్ ఫ్రీజర్లు తెప్పిస్తే నిజంగా మిగులుతుందా? ఏజెంటు లెక్క నాకు అంతుపట్టడం లేదు

భీమవరం_ఐస్‌దిమ్మ (ప్రశ్న):

అందరికీ నమస్కారం అండి. మాది భీమవరం. నాన్నగారి కాలంలో మాకు ఐస్ ఫ్యాక్టరీ ఉండేది. అమ్మోనియా వాసన, ఊక కప్పిన దిమ్మలు, తెల్లవారుజామున మూడింటికి చేపల లారీల హారన్లు. నా చిన్నతనమంతా అందులోనే గడిచింది. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. నేను ఐస్‌క్రీమ్, ఫ్రోజెన్ బఠాణీ, పరోటాలు, చేప ముక్కలు ఊళ్లలోని కొట్లకు వేస్తుంటాను. మొత్తం 64 కొట్లు. ఉండి, ఆకివీడు, పాలకొల్లు దాకా మా ఆటో తిరుగుతుంది.

నా ఇబ్బంది ఏమిటంటే, ఐస్‌క్రీమ్ కంపెనీలు కొట్టువాడికి ఫ్రీజర్ ఊరికే ఇస్తాయి. కానీ అందులో వాళ్ల సరుకు తప్ప మరొకటి పెట్టకూడదు. సేల్స్ కుర్రాడు వచ్చి మూత ఎత్తి చూసి, నా చేప ప్యాకెట్లు కనబడితే ఫొటో తీసి పైవాళ్లకు పంపుతాడు. పోయిన నెల ఆకివీడులో ఒక కొట్టు నుంచి ఫ్రీజరే ఎత్తుకుపోయారు. కొట్టాయన నన్ను తిట్టని తిట్టు లేదు. అందుకే సొంతంగా ఫ్రీజర్లు కొని కొట్లలో పెట్టాలనుకుంటున్నాను. ముందు ఒక 30 కావాలి.

ఇక్కడ డీలర్ దగ్గర 500 లీటర్ల రెండు మూతల ఫ్రీజర్ జీఎస్టీతో కలిపి 33,500 చెబుతున్నాడు. ఇంతలో ఒక ఇంపోర్ట్ ఏజెంటు ఫోన్‌లో పరిచయమయ్యాడు. చైనా ఫ్యాక్టరీ నుంచి అదే సైజు 190 డాలర్లకు ఇప్పిస్తాడట, 40 అడుగుల కంటైనర్‌లో 80 పడతాయట. డాలర్ 88 వేసుకుంటే 16,720 రూపాయలు. దాని మీద జీఎస్టీ 18 శాతం, ఓడ కిరాయి కలిపినా 22 వేలలోపు మా గుమ్మం ముందు దిగుతుందని అంటున్నాడు. 30 నేను ఉంచుకుని, మిగతా 50 తోటి డిస్ట్రిబ్యూటర్లకు అమ్ముకుంటే నా 30 దాదాపు ఉచితంగా వచ్చినట్టేనని నోట్లో చక్కెర పోస్తున్నాడు.

కస్టమ్స్ డ్యూటీ సంగతి అడిగితే మాత్రం మాట మారుస్తున్నాడు. ఒకసారి ‘విడిభాగాలని చూపిద్దాం’ అన్నాడు. ఇంకోసారి ‘థాయ్‌లాండ్ మీదుగా తెస్తే డ్యూటీయే లేదు’ అన్నాడు. మొన్నయితే బిల్లు 90 డాలర్లకే వేయిస్తానన్నాడు. శుక్రవారంలోగా 30 శాతం అడ్వాన్సు పంపాలట, లేకపోతే రేటు మారిపోతుందట.

మా ఆవిడ ఒక్కటే మాట అంది: ‘డ్యూటీ లేని సరుకైతే ఊళ్లో అందరూ తెప్పించేవాళ్లు కదా?’ దానికి నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు అసలు లెక్క చెప్పగలరా? తప్పుడు పని చేసి మిగుల్చుకోవాలని లేదు. అలాగని అమాయకుడిలా ఎక్కువ పెట్టి కొనాలనీ లేదు.

విశాఖ_క్లియరింగ్:

ముందు మీ ఇంటావిడకు నమస్కారం. 22 ఏళ్లుగా విశాఖలో కస్టమ్స్ క్లియరింగ్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఆవిడ అడిగిన ప్రశ్న అడిగితే సగం కేసులు మా దాకా రావు.

మీ ఏజెంటు జీఎస్టీని ఫ్యాక్టరీ ధర మీద వేశాడు. కస్టమ్స్ అలా వేయదు. ఫ్యాక్టరీ ధరకు ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కలపాలి. మీ 16,720కి కిరాయి కంటైనర్‌కు 1,900 డాలర్లనుకుంటే ఫ్రీజర్‌కు 2,090 పడుతుంది. ఇన్సూరెన్సు కాగితం లేకపోతే ధరలో 1.125 శాతం వేసుకుంటారు, అది 188. అన్నీ కలిపి 19,000 అనుకోండి. దీని మీద బేసిక్ డ్యూటీ 15 శాతం, అంటే 2,850. ఆ డ్యూటీ మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి, 285. అప్పటికి 22,135 అయింది. ఇప్పుడు ఈ మొత్తం మీద ఐజీఎస్టీ (దిగుమతి మీద వేసే జీఎస్టీ) 18 శాతం, 3,984. వెరసి 26,119. సరుకు విలువ వంద రూపాయలైతే పన్నులు 37 రూపాయల 47 పైసలు. ఈ పైసలతో సహా నాకు కంఠతా వచ్చు, రోజుకు ఎన్నిసార్లు చెబుతానో!

అక్కడితో అయిపోదు. షిప్పింగ్ లైన్ డెలివరీ ఆర్డర్ ఛార్జీలు, సీఎఫ్ఎస్‌లో (రేవు దగ్గరి కంటైనర్ యార్డులో) దింపుడు, మా ఫీజు, భీమవరం దాకా లారీ కలిపి ఫ్రీజర్‌కు ఇంకో 1,400 వేసుకోండి. అంటే 27,500. అయితే మీరు రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే ఆ 3,984 క్రెడిట్‌గా (మీ అమ్మకాల జీఎస్టీలోంచి తగ్గించుకునేలా) వెనక్కి వస్తుంది కాబట్టి మీకు నికరంగా పడేది సుమారు 23,500. మీ డీలర్ 33,500లోనూ జీఎస్టీ 5,110 ఉంది, అదీ క్రెడిట్టే. అంటే అక్కడ నికరం 28,390. తేడా ఒక్కో దానికి 4,900కి కాస్త తక్కువ. కాబట్టి మిగలదని నేను అనను, మిగులుతుంది. కానీ మీ ఏజెంటు చెప్పే 11 వేలు కాదు. మీరు కాంపొజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం కట్టే జీఎస్టీ పద్ధతిలో) ఉన్నారా? ఉంటే ఈ క్రెడిట్ ఊసే లేదు. ఆ సంగతి ముందు చెప్పండి.

ఇక ఆయన చెప్పిన మూడు దారులు.

విడిభాగాలు: మూతలు ఒక పెట్టెలో, కంప్రెసర్ ఒక పెట్టెలో పెట్టి తెచ్చినంత మాత్రాన అవి విడిభాగాలు కావు. టారిఫ్ (సుంకాల పట్టిక) అర్థం చేసుకోవడానికి ఉన్న సాధారణ నియమాల్లో 2(ఎ) ఈ ఆట కట్టించడానికే ఉంది. విప్పి తెచ్చినా, కొంచెం అసంపూర్తిగా తెచ్చినా, ఆ వస్తువు ముఖ్య స్వభావం అందులో కనబడితే పూర్తి వస్తువు కిందే లెక్క. 80 బాడీలు, 80 కంప్రెసర్లు, 160 మూతలు ఒకే కంటైనర్‌లో ఉంటే ఆఫీసర్‌కు అనుమానమే అక్కర్లేదు.

థాయ్‌లాండ్: ఆసియాన్ (థాయ్‌లాండ్ ఉన్న ఆగ్నేయాసియా కూటమి) దేశాలతో సరుకుల ఒప్పందం 2010 జనవరి నుంచి అమల్లో ఉంది, దాని కింద రాయితీలున్న మాట నిజం. కానీ సరుకు ఆ దేశంలో పుట్టాలి, ఆ దేశం మీదుగా ప్రయాణించినంత మాత్రాన చాలదు. ధరలో కనీసం 35 శాతం విలువ ఆసియాన్‌లో చేరాలి, పైగా టారిఫ్ ఉపశీర్షిక (పట్టికలో సరుకు వర్గం) మారేంత పని అక్కడ జరగాలి. ఇదివరకు ‘ఫారం ఏఐ’ అనే ధ్రువపత్రం చూపిస్తే సరిపోయేది. 2020 సెప్టెంబరు 21 నుంచి కారొటార్ అనే, సరుకు పుట్టిన దేశాన్ని రుజువు చేయాలనే నిబంధనలు వచ్చాయి. ఆ ఫ్రీజర్ ఎక్కడ, ఏ భాగాలతో, ఎంత విలువ చేరి తయారైందో దిగుమతిదారు దగ్గర వివరాలుండాలి, ఐదేళ్లు దాచాలి. ఆఫీసర్ అడిగితే చెప్పాల్సింది మీరు, ఏజెంటు కాదు. చైనా సరుకుకు థాయ్ కాగితం పెట్టి దొరికినవాళ్లను చూశాను, బాగుండదు.

90 డాలర్ల బిల్లు: ఇదే అన్నిటికంటే పాత ఆట. అదే రకం సరుకు దేశంలోని మిగతా పోర్టులకు ఎంతకు వచ్చిందో కస్టమ్స్ దగ్గర డేటాబేస్ ఉంటుంది. 190ది 90కి చూపిస్తే వాల్యుయేషన్ రూల్స్‌లో 12 కింద ఆ ధరను పక్కన పెడతారు. ఎగ్గొట్టిన డ్యూటీ, దాని మీద వడ్డీ, ఉద్దేశపూర్వకమని తేలితే డ్యూటీకి సమానమైన పెనాల్టీ. పైగా మిగతా 100 డాలర్లు ఫ్యాక్టరీకి ఏ దారిన పంపుతారు? అది ఇంకో చట్టం.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆయన అసలు ఎత్తలేదు: బీఐఎస్, అంటే సరుకు నాణ్యతకు ముద్ర ఇచ్చే మన ప్రమాణాల సంస్థ. డీప్ ఫ్రీజర్లకు ఐఎస్ 7872 అనే మన ప్రమాణం ఉంది. ఆ చైనా ఫ్యాక్టరీ పేరు మీద బీఐఎస్ లైసెన్సు ఉందా, ఒక్కో ఫ్రీజర్ మీద ఐఎస్ఐ ముద్ర వస్తుందా అడగండి. లైసెన్సు ఫ్యాక్టరీకి ఇస్తారు, మీకు కాదు, ఏజెంటుకు అసలే కాదు. ‘సీఈ సర్టిఫికెట్ ఉంది’ అంటే ఫోన్ పెట్టేయండి. అది యూరప్ సంగతి.

గోదావరి_కోన్‌ఐస్:

పై ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మా బావగారు ఒకాయన మూడేళ్ల క్రితం గాజు మూత ఫ్రీజర్లు తెప్పించాడు. బీఐఎస్ కాగితం లేదు. కంటైనర్ 47 రోజులు అక్కడే. సీఎఫ్ఎస్ అద్దె ఒకవైపు, కంటైనర్ తిరిగివ్వలేదని షిప్పింగ్ లైన్ డిటెన్షన్ ఇంకోవైపు. చివరికి తిరుగు ఓడ ఎక్కించాడు. ఇప్పుడు ఫ్రీజర్ అని ఎవరన్నా అంటే లేచి వెళ్లిపోతాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఐస్‌క్రీమ్ కూడా తినలేదు.

భీమవరం_ఐస్‌దిమ్మ:

విశాఖ గారూ, మీ జవాబు మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ ముఖం చూడాలి మీరు!

నేను కాంపొజిషన్‌లోనే ఉన్నానండి. అంటే నాకు తేడా 33,500కి, 27,500కి మధ్య, అంతేగా? ఆరు వేలు. 80కి వేస్తే 4,80,000. పెద్ద మొత్తమే, అందుకే ఆశ చావడం లేదు, నిజం ఒప్పుకుంటున్నాను.

ఇంకో సందేహం. అసలు మనవాళ్లు ఫ్రీజర్ మీద ఇంత డ్యూటీ ఎప్పుడు వేశారు? నాన్నగారు కొన్న కంప్రెసర్ల మీద ఇంత ఉండేది కాదనుకుంటాను. అంత డ్యూటీ వేసినా ఇక్కడి కంపెనీ 33,500కి అమ్ముతోందంటే, ఆ రక్షణ అంతా దాని జేబులోకే పోతోందా?

విశాఖ_క్లియరింగ్:

ఆరు వేలు సరే, కానీ 50 అమ్ముతానన్నారు కదా. కాంపొజిషన్‌లో ఉన్న మీ బిల్లు మీద కొన్నవాడికి జీఎస్టీ క్రెడిట్ రాదు. రెగ్యులర్‌లో ఉన్న డిస్ట్రిబ్యూటర్‌కు డీలర్ దగ్గర నికరంగా 28,390కే వస్తుంటే ఆ 390 రూపాయల తేడా కోసం మీ దగ్గర 28 వేలు పెట్టి ఎందుకు కొంటాడు? పైగా అమ్మడం మొదలుపెట్టాక మీరు దిగుమతిదారు. పెట్టె మీద మీ పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉండాలి. ఈ-వ్యర్థాల నిబంధనల్లో దిగుమతిదారును కూడా ఉత్పత్తిదారు (ప్రొడ్యూసర్) కిందే చూస్తారు, దానికి రిజిస్ట్రేషన్ ఉంది. ఆగిపోయిన ఫ్రీజర్ పట్టుకుని మీ గుమ్మానికే వస్తారు.

డ్యూటీ చరిత్ర అడిగారు. 2018 సెప్టెంబరు 26 అర్ధరాత్రి నుంచి 19 రకాల వస్తువుల మీద పెంచారు. అప్పుడు రూపాయి 72 దాటి పడుతోంది, కరెంట్ ఖాతా లోటు పెరుగుతోంది, ‘అంత అవసరం లేని’ దిగుమతులు తగ్గించాలన్నారు. ఇంట్లో వాడే ఫ్రిజ్ 10 నుంచి 20 శాతానికి వెళ్లింది, ఏసీలూ అంతే, 10 కిలోలలోపు వాషింగ్ మెషీన్లూ అంతే. ఫ్రిజ్, ఏసీ కంప్రెసర్లు 7.5 నుంచి 10 అయ్యాయి. ఆ రాత్రి మా ఆఫీసులో ఎవరూ ఇంటికి వెళ్లలేదు. ఓడ రేవులో ఉంది, బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకుకు కస్టమ్స్‌లో వేసే పత్రం) పాత రేటుకు పడుతుందా, కొత్త రేటుకా అని ఒక పార్టీ ఏడుపొక్కటే తక్కువ.

మీ సరుకు కమర్షియల్ ఫ్రీజర్ల వంతు 2020 బడ్జెట్‌లో వచ్చింది, 7.5 నుంచి 15. అదే బడ్జెట్‌లో కంప్రెసర్ 12.5, మరుసటి ఏడాది 15. ఇక్కడే మీ రెండో ప్రశ్నకు జవాబు ఉంది. ఇక్కడ ఫ్రీజర్ తయారుచేసేవాడు కంప్రెసర్ బయట నుంచి తెప్పించుకుంటే వాడూ 15 కడుతున్నాడు. కాబట్టి రక్షణ అంతా జేబులోకి పోవడం లేదు. కొంత పోతోందా అంటే పోతోంది, నేను కాదనను.

ఇర్వింగ్_కిరాణా:

టెక్సాస్ నుంచి రాస్తున్నానండి, మాది తణుకు. ఇక్కడ ఇండియన్ గ్రోసరీ నడుపుతున్నాం. మా కొట్లో కరివేపాకు, గోంగూర, కొరమేను, అన్నీ ఫ్రీజర్ల మీదే బతుకుతాయి. కాబట్టి మీ బాధ నాకు అర్థమవుతుంది. ఇక్కడ 2025లో సుంకం ఎలా పడిందో చెబుతాను, పోల్చుకోండి.

స్టీల్ దిగుమతి మీద సుంకం 2025 జూన్ 4న 50 శాతం చేశారు. తర్వాత జూన్ 23 నుంచి ఆ జాబితాలో ఫ్రిజ్-ఫ్రీజర్లు, చెస్ట్ ఫ్రీజర్లు, నిలువు ఫ్రీజర్లు, వాషింగ్ మెషీన్లు, డ్రయ్యర్లు, డిష్‌వాషర్లు కూడా చేర్చారు. మీకు మొత్తం విలువ మీద 15 శాతం. మాకు అప్పుడు ఈ 50 శాతం వేసింది ఫ్రీజర్‌లో ఉన్న స్టీల్ విలువ మీద. అంటే దిగుమతి చేసేవాడు రేకు ఎంత, స్క్రూ ఎంత అని ఫ్యాక్టరీని అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. నాకు కొటేషన్ ఇచ్చిన సేల్స్‌మన్ ‘టారిఫ్ సర్‌ఛార్జి’ అని వేరే గీత గీశాడు. ఆ అంకె ఎలా వచ్చిందని అడిగితే నవ్వాడు. ఆయనకూ తెలియదు పాపం.

మీ ‘రక్షణ ఎవరి జేబులోకి’ అన్న ప్రశ్నకు ఇక్కడ ఒక పాత ముచ్చట ఉంది. 2018 జనవరిలో పెద్ద వాషింగ్ మెషీన్ల మీద సుంకం వేశారు. మెషీన్ల ధర సుమారు 12 శాతం పెరిగింది, అది ఊహించిందే. కానీ డ్రయ్యర్ల ధర కూడా దాదాపు అంతే పెరిగింది. వాటి మీద సుంకమే లేదు! జనం రెండూ జతగా కొంటారు కాబట్టి కంపెనీలు భారాన్ని రెండింటి మీదా పంచేశాయి. తర్వాత ఆర్థికవేత్తలు లెక్కేస్తే, ఆ సుంకం వల్ల వచ్చిన ఒక్కో ఉద్యోగానికి కొనుగోలుదారులు ఏడాదికి 8 లక్షల డాలర్లకు పైగా చెల్లించినట్టు తేలింది.

ఫ్రిజ్‌ల విషయంలో మాత్రం ఒకసారి అడ్డం తిరిగింది. కింద ఫ్రీజర్ ఉండే రకం ఫ్రిజ్‌లు కొరియా, మెక్సికోల నుంచి మరీ తక్కువ ధరకు వస్తున్నాయని వర్ల్‌పూల్ 2011లో ఫిర్యాదు చేసింది. వాణిజ్య శాఖ ‘అవును, డంపింగే’ అంది. కానీ 2012 ఏప్రిల్‌లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ ‘దానివల్ల ఇక్కడి పరిశ్రమకు నష్టం జరిగినట్టు కాదు’ అని ఓటేసింది. సుంకం పడలేదు. ఇలా రెండు గుమ్మాలు దాటాలి ఇక్కడ. అందుకే ఈసారి ఆ దారి వదిలేసి స్టీల్ దారిలో వచ్చారనిపిస్తుంది నాకు.

మీరు చెప్పిన ఐస్‌క్రీమ్ కంపెనీ ఫ్రీజర్ గొడవ మాకూ ఉందండోయ్. మా కొట్లో కుల్ఫీ వాళ్ల ఫ్రీజర్‌లో మా ఆవిడ చింతచిగురు దాస్తుంది.

బాలానగర్_గ్యాస్‌మెకానిక్:

అందరూ పైసల లెక్క చెప్పిన్రు, నేను ఫ్రీజర్ లెక్క చెప్తా అన్నా. 1994 నుంచి ఇదే పని. బాలానగర్‌లో కంప్రెసర్ల ఫ్యాక్టరీకి టెకుమ్సే అని పేరు, 1997లో వాళ్లు కొన్నరు. మా ఉస్తాద్ మాత్రం చివరిదాకా ‘శ్రీరామ్ కంప్రెసర్’ అనే అన్నడు. సనత్‌నగర్‌లో ఆల్విన్ ఉన్నప్పుడు ఫ్రిజ్ అంటే హైదరాబాద్‌దే. ఇప్పుడు శ్రీసిటీలో ఎల్‌జీ వాళ్లు ఫ్యాక్టరీకి 2025 మేలో పునాదిరాయి వేసిన్రు, ఫ్రిజ్‌లూ వస్తాయంట. మంచిదే. గాని అది నీ పనికి ఇప్పుడు అక్కరకు రాదు.

నీ ఊరు భీమవరం. చుట్టూ రొయ్యల చెరువులు, ఉప్పు గాలి. ఫస్ట్ ప్రశ్న: కండెన్సర్ (వేడి బయటికి పంపే) పైపు రాగిదా, ఇనుముదా, అల్యూమినియమా? 190 డాలర్ల దాంట్ల రాగి ఉంటదని నేను నమ్మను. ఇనుప పైపు ఫోమ్ లోపల గోడకు అతికించి ఉంటే, అది తుప్పుపట్టి లీకైన రోజు ఫ్రీజర్ పని అయిపోయినట్టే. ఫోమ్ పగలగొట్టి వెతకాలె. నేను చేస్తా, గాని కూలి ఫ్రీజర్ ధరలో సగమైతది.

రెండో సంగతి, నేమ్‌ప్లేట్ మీద క్లైమేట్ క్లాస్ చూడు. ‘ఎన్’ అని ఉంటే 32 డిగ్రీల దాకా, ‘ఎస్‌టీ’ అంటే 38, ‘టీ’ అంటే 43 దాకా పనిచేసేటట్టు పరీక్ష చేసిన్రని. చలి దేశాలకు పోయే మాల్ చౌకగా దొరుకుతది. ఆకివీడులో మే నెలల రేకుల కొట్టు లోపల ఎంత ఉంటదో నీకే ఎరుక. ‘ఎన్’ క్లాస్ ఫ్రీజర్ పెడితే కంప్రెసర్ ఆగకుండ తిరుగుతది, కరెంట్ బిల్లు చూసి కొట్టాయన నిన్ను ఇంకోసారి తిడతడు.

గ్యాస్ కూడా అడుగు. ఇప్పుడు ఎక్కువ ఆర్-290 వస్తున్నది, అంటే ప్రొపేన్. చల్లదనానికి మంచిది, కరెంట్ తక్కువ. ఒక్కో ఫ్రీజర్‌కు 150 గ్రాములలోపే ఉంటది. కానీ మండే గ్యాస్. మండని పాత గ్యాస్ ఆర్-134ఏ తీరుగ గ్యాస్ లోపల ఉండంగ పైపుకు వెల్డింగ్ పెడితే ప్రమాదం. మీ దిక్కు ఆ పని తెలిసిన మెకానిక్ ఉన్నడా? లేకుంటే 80 ఫ్రీజర్లు తెచ్చి ఎవరికి చూపిస్తవు? రిలే, థర్మోస్టాట్ దొరుకుతయి. గాస్కెట్ మాత్రం ఆ మోడల్‌దే కావాలె. మూత రబ్బరు ఊడిన ఫ్రీజర్‌ను బట్టలు దాచుకునే పెట్టె కింద వాడుతున్నోళ్లను చూసిన.

నీకు కావాల్సింది 30. మేడ్చల్ దిక్కు ఫ్రీజర్లు తయారుచేసేటోళ్లు ఉన్నరు. డీలర్ కాడ కాకుండ సీదా ఫ్యాక్టరీల 30 ఒక్కసారి అడిగితే 33,500 ఉండదు. నగదు పెడితే ఇంకా దిగుతది. రాగి కండెన్సర్, గాస్కెట్లు అదనంగా ఐదు సెట్లు, ఇవి మాట్లాడుకో.

భీమవరం_ఐస్‌దిమ్మ:

అందరికీ దండాలు. నాలుగు రోజులుగా మీరు చెప్పినవే చేస్తున్నాను, జరిగింది చెబుతాను.

ఏజెంటును బీఐఎస్ లైసెన్సు నంబరు అడిగాను. రెండు గంటల తర్వాత వాట్సాప్‌లో ఒక రంగుల కాగితం పంపాడు. విశాఖ గారూ, మీరు జాతకం చెప్పినట్టే, అది సీఈ సర్టిఫికెట్! ఇది కాదని అంటే ‘సార్, ఇండియాలో అంతా మేనేజ్ అవుతుంది’ అన్నాడు. క్లైమేట్ క్లాస్ అడిగాను, నేమ్‌ప్లేట్ ఫొటో పంపాడు. దాని మీద ‘ఎన్’ ఉంది. బాలానగర్ అన్నా, మీరు ఆ ఒక్క అక్షరం చెప్పకపోతే అదేదో మోడల్ నంబరు అనుకునేవాణ్ని.

శుక్రవారం గడిచిపోయింది, అడ్వాన్సు పంపలేదు. రేటు మారిపోతుందన్నాడు కదా, నిన్న మళ్లీ ఫోన్ చేసి 178కి ఇస్తానన్నాడు. మా ఆవిడ పక్కనే ఉంది, ఫోన్ తీసుకుని ఆవిడే మాట్లాడింది. ఏమందో ఇక్కడ రాయను.

విశాఖ_క్లియరింగ్:

పంపకపోవడం మంచిదైంది. దిగుమతి అడ్వాన్సు బ్యాంకు ద్వారా వెళ్లాక సరుకు రాకపోతే, బిల్ ఆఫ్ ఎంట్రీ ఏదని బ్యాంకు మిమ్మల్నే అడుగుతుంది. మీరు ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్) నంబరు తీసుకున్నారా? లేకపోతే ఇప్పుడు తొందరేం లేదు, ఫీజు 500 రూపాయలే. ఎప్పుడైనా లైసెన్సున్న ఫ్యాక్టరీ దొరికితే సరుకు ఓడ ఎక్కకముందే నాకు ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు చూపించండి. చాలామంది ఓడ దిగాక ఫోన్ చేస్తారు. ఆలస్యంగా బిల్ ఆఫ్ ఎంట్రీ వేస్తే మొదటి మూడు రోజులు రోజుకు 5,000, తర్వాత రోజుకు 10,000.

భీమవరం_ఐస్‌దిమ్మ:

తీసుకోలేదండి, ఇక ఇప్పట్లో తీసుకోను కూడా. మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీతో ఫోన్‌లో మాట్లాడాను. 30కి జీఎస్టీతో 29,800 అన్నారు. కండెన్సర్ రాగిదే, క్లాస్ ‘టీ’ అన్నారు. గాస్కెట్లు మూడు సెట్లు ఇస్తామంటున్నారు, నేను ఐదు అడుగుతున్నాను. జీఎస్టీ రెగ్యులర్‌కు మారమని మా ఆడిటర్ కూడా అంటున్నాడు. ఆ లెక్క వేరే కూర్చుని చూడాలి.

చూడకుండా డబ్బు కట్టనని చెప్పాను. సోమవారం ఉదయానికి హైదరాబాద్ చేరతాను. బాలానగర్ అన్నా, మీకు వీలైతే నాతో మేడ్చల్ దాకా ఒక పూట రాగలరా? మీ కూలి, భోజనం నావి. మూత ఎత్తి, లోపల చెయ్యి పెట్టి చూసేవాళ్లు ఒకరుంటే నాకు ధైర్యం.

బాలానగర్_గ్యాస్‌మెకానిక్:

కూలి వద్దు గాని, వచ్చేటప్పుడు ఎండు రొయ్యలు ఒక కిలో తే. పొద్దున 9కి బాలానగర్ చౌరస్తా కాడ ఉంట. మాగ్నెట్ తెస్తున్న, పైపు రాగిదా ఇనుమా అక్కడనే తేలుస్తం.